కామన్‌లోంచి తీసేసిన లైను

జూన్ 2

మళ్ళీ పాడైంది. ఎవరూ ఏమీ చేయలేదట — నాలుగు టీములూ ఒకటే మాట.

ఫిర్యాదుల టీం వాళ్ళు శుక్రవారం ఫొటో లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చుకున్నారు. ఫ్లాటులో పైపు లీకైతే జనం ఫొటో తీసి పంపాలి, అది తొందరగా పోవాలని. మంచిదే. ఈరోజు చూస్తే గేటు మాడ్యూల్లో వచ్చిపోయేవాళ్ళ ఫొటోలన్నీ అడ్డం తిరిగాయి. డెలివరీవాళ్ళు, పనిమనుషులు, చుట్టాలు… అందరూ పక్కకి ఒరిగి పడుకున్నారు.

"మేం గేటు ముట్టుకోలేదు." నిజమే, ముట్టుకోలేదు.

అపార్ట్‌మెంట్ల యాప్ మాది. గేటు, బిల్లులు, ఫిర్యాదులు, నోటీసులు — నాలుగు మాడ్యూళ్ళు, నాలుగు టీములు. ఎవరికి ఏ లైబ్రరీ కావాలన్నా తెచ్చి పడేసేది మాత్రం ఒక్క చోటే. దాని పేరే 'కామన్'. అందులో పడిందంటే అడిగినవాడికీ అడగనివాడికీ అందరికీ వస్తుంది. ఒకడు మారిస్తే అందరికీ మారుతుంది. ఏది ఎవరి కోసం తెచ్చారో ఎక్కడా రాసి లేదు.

నేను టెస్టింగ్. ఫోన్లు పట్టుకుని నొక్కి చూసేవాణ్ణి. మీటింగులో నేనేమీ అనకూడదు.

అన్నాను.

జూన్ 3

బండి మీద వెనక బావ. బాచుపల్లి నుంచి కోకాపేట — ఆయన్ని టవర్ల గేటు దగ్గర డ్యూటీకి దింపి, నేను వెనక్కి గచ్చిబౌలి. అక్క కట్టిన డబ్బాలు రెండూ ఆయన ఒళ్ళో.

"లైబ్రరీ అంటే పుస్తకాలది గాదా బామ్మర్దీ?"

"కాదు బావా. ఎవరో ముందే రాసి పెట్టిన కోడ్. ఫొటో తీసుడు, తేదీ చూపిచ్చుడు… గసొంటి పనులకు. మనం మళ్ళ రాయకుండ తెచ్చుకుంటం."

"అంటే కాపీ కొడ్తరు."

"కాపీ గాదు —"

"ఇంటర్ల గదే జేస్తే పట్టుకుంటుండె. ఈడ కూసుండబెట్టి జీతమిస్తున్నరు. మంచిగుంది."

తన జోకుకి తనే నవ్వి, సీటు మీద అటూ ఇటూ కదిలాడు. సర్వీస్ రోడ్డు మీద గుంత — బండి ఊగింది. డబ్బా మూత ఊడి పప్పు ఆయన యూనిఫాం మీద. నవ్వు ఆగింది.

బావ గేటులో వాడేది మా యాప్‌నే. టవర్ల ఆఫీసువాళ్ళిచ్చిన ఫోన్లో. వచ్చినవాళ్ళ ఫొటో తీసి ఫ్లాటుకి పంపుతాడు, పైనుంచి సరే అంటే లోపలికి వదులుతాడు. నిన్నటి అడ్డం ఫొటోల గురించి అడిగితే — "మెడ వంకర పెట్టి జూసిన. గంతే."

జూన్ 4

అరవై మూడు. కామన్‌లో ఉన్న లైబ్రరీలు. లిస్టు పట్టుకుని టీం టీంకీ తిరిగాను. "మాదే" అని ఒప్పుకున్నవి ఇరవై ఆరు.

జూన్ 5

నాలుగు టీములకీ పెద్ద ప్రతాపన్న. ఆయనకి కాగితం మీద గీసి చూపించాను.

కామన్ ఖాళీ చేద్దాం. ఏ మాడ్యూల్‌కి ఏది కావాలో అది తన లిస్టులో తనే రాసుకోవాలి. వెర్షన్ నంబర్లు మాత్రం అందరివీ ఒకే పేజీలో, ఒక్కొక్కరిదీ ఒక్కో నంబరైతే అదింకో కొట్లాట. ఎవరైనా ఆ పేజీలో నంబరు మారిస్తే, అది ఎవరెవరి లిస్టులో ఉందో చూసి వాళ్ళని ముందే పిలవచ్చు. అంతే. ఇంతకన్నా ఏమీ లేదు.

కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అనంతపురం మనిషి. మెల్లగా మాట్లాడతాడు, కోపమొస్తే ఇంకా మెల్లగా.

"నాలుగేండ్ల నుంచి నడస్తానే ఉండాది గదప్పా. ఎందుకు గెలకడం?"

"నడుస్తలేదన్నా. సోమవారమే పాడైంది."

"అయితాది. బాగు చేసుకుంటాం."

"ఎన్నిసార్లన్నా?"

వెనక సీట్లో ఎవరో నవ్వారు. "ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఆర్కిటెక్టు"… నాకు వినపడాలనే అన్నారు. వినపడింది.

సింధు గారు కుర్చీ ఇటు తిప్పారు. గేటు మాడ్యూల్ ఆవిడదే. "ఒకసారి చెయ్యనివ్వండి ప్రతాప్ గారూ. అడ్డం తిరిగిన ఫొటోలకి ఫోన్లు వచ్చేది నాకండి, మీకు కాదు."

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టాడు. తర్వాత — "పదో తేదీ లోపల చేసి చూపీ. ఏమన్నా అయితే నీ నెత్తినే."

నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. ఉంచాలా పంపాలా అని రాసేది ఆయనే. అదీ గుర్తు చేశాడు, లేచిపోతూ.

నెత్తిన పెట్టుకున్నాను.

జూన్ 6

పద్ధతి దొరికింది. కామన్‌లోంచి ఒక లైబ్రరీ తీస్తాను. యాప్ మొత్తం మళ్ళీ కట్టి — బిల్డ్ చేసి — చూస్తాను. ఎవరికి కావాలో ఆ మాడ్యూల్ ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ చూపించి అరుస్తుంది. అరిచినదాని లిస్టులో ఆ పేరు రాస్తాను. తర్వాతది.

మొబైల్ షాపులో ఇట్లాగే నేర్చుకున్నాను. బోర్డు మీద ఒక్కో ముక్క తీసి చూడడం — ఏది తీస్తే ఏది చస్తుందో. అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఫోన్ ఆన్ అయిందా లేదా, అదొక్కటే.

ఈరోజు పదకొండు తీశాను.

జూన్ 7

శనివారం. ఫ్లోరంతా ఖాళీ. ఏసీ కూడా సగమే.

బిల్లుల టీం వాళ్ళది భలే దొరికింది. తేదీలు చూపించే లైబ్రరీ మేం వాడనే వాడమన్నారు. తీశాను — పద్నాలుగు చోట్ల అరిచింది! నోటీసులవాళ్ళు తెచ్చిపెట్టిన దాన్ని రెండేళ్ళుగా తెలియకుండానే తింటున్నారు. నోటీసులవాళ్ళు రేపు "మాకొద్దు" అని తీసేస్తే? ఒకటో తేదీన ఏ ఫ్లాటుకీ బిల్లు పోదు. ఎందుకు పోలేదో ఒక్కడికీ తెలీదు.

రాసి పెట్టాను వాళ్ళ లిస్టులో. ఇప్పుడు వాడుతున్నామని వాళ్ళకీ తెలుసు.

తొమ్మిది లైబ్రరీలు తీస్తే మాత్రం ఎవరూ అరవలేదు. చచ్చిపోయినవి. ఎవరో ఎప్పుడో తెచ్చి, పనైపోయి, వదిలేసి పోయినవి. యాప్ ఇన్నాళ్ళూ వాటిని మోసింది. తీసేసిన ప్రతిసారీ… దిష్టి తీసినట్టుంది.

జూన్ 9

చివరి నాలుగు. అందులో ఒకదాని పక్కన చిన్న రాత — ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

teesthe padadi

రెండుసార్లు చదివాను. తీస్తే పడది? పడది అనే మాట లేదు. కీబోర్డు చూశాను. ఐ, యూ పక్కపక్కనే. వేలు జారింది, అంతే. తీస్తే పడదు. అంటే తీసినా ఏమీ కాదు, యాప్ పడిపోదు. రాసినవాడికి కూడా దాని మీద నమ్మకం లేదన్నమాట.

తీశాను. ఎవరూ అరవలేదు. టేబుల్ మీదున్న ఆరు ఫోన్లలో నొక్కాను. అన్నీ బాగున్నాయి.

చచ్చినవాటిలో పదోది.

జూన్ 10

అయిపోయింది. కామన్ ఫైల్లో మూడు లైన్లే మిగిలాయి. ప్రతాపన్న, సింధు గారు ఇద్దరూ ఓకే నొక్కారు. మార్పు పక్కన రాసినవాడి పేరు — నరేష్. నాది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఎవరో రాసి, వాళ్ళ పేరు పడేది.

ఫొటో తీసుకున్నాను స్క్రీన్‌ని. ఎవరికీ పంపలేదు.

జూన్ 12

బడులు తెరిచారు. అక్క పొద్దున్నే ఆయా డ్యూటీకి — "ఎల్‌కేజీ పోరలు ఒక్కొక్కడు ఒక్కో రాగం తీస్తరు ఇయ్యాల" అంటూ పోయింది. వాన. మియాపూర్ దగ్గర గంటసేపు ఇరుక్కున్నాం. బావ నా వీపు చాటున తల దాచుకుని, తన రెయిన్‌కోటు నాకు ఇచ్చానని కోకాపేట దాకా చెప్పాడు.

కొత్త వెర్షన్ ఈరోజు బయటికి వెళ్ళింది.

జూన్ 13

గచ్చిబౌలి స్టేడియం దగ్గర టీ తాగుతుంటే బావ ఫోను.

"బామ్మర్దీ, మీ యాప్‌కేమైందిరా? తెరుస్తనే మూస్కుంటుంది."

"ఫోన్ బంద్ చేసి మళ్ళ చెయ్ బావా."

"మూడుసార్లు జేసిన. ఈడ లైన్ రోడ్డు దాకా ఉన్నది. వాన్ల తడుస్తున్నరు. ఒకామె కారు అద్దం దించి నీ పేరేంది అంటది. నా పేరెందుకు మేడం, నేనేం జేసిన…"

వెనక హారన్లు. ఆడగొంతు ఒకటి గట్టిగా. బావ ఫోన్ పెట్టేశాడు.

టీ అక్కడే వదిలి పరిగెత్తాను.

సింధు గారి ఫోను ఆగట్లేదు. ఒక్క కోకాపేటే కాదు — ఎక్కడెక్కడ గేటులో పాత ఫోన్లున్నాయో అక్కడంతా. ఫ్లాటులవాళ్ళ ఫోన్లు కొత్తవి, ఏమీ కాలేదు. మా టేబుల్ మీద ఆరు కూడా కొత్తవే. గేటువాళ్ళకి మాత్రం ఎవరో వాడి పడేసినవి ఇస్తారు. అది నాకు తెలియదా? రోజూ బావ జేబులో చూస్తూనే ఉన్నాను.

యాప్ ఎక్కడ పడిపోయిందో ఫోన్ తనే రాసుకునే చిట్టా తెరిచి చదివాను. పదోది. ఆ లైబ్రరీ పనే అది — కొత్త కోడ్‌ని పాత ఫోన్లకి అర్థమయ్యేట్టు చెప్పడం. కట్టేటప్పుడు అరవదు. పాత ఫోన్లో తెరిచినప్పుడే తెలుస్తుంది.

అరిచినవాళ్ళ పేర్లే రాశాను నేను. అరవని రకం ఉంటుందని అనుకోలేదు.

పదకొండున్నరకి లైను తిరిగి కామన్‌లో పెట్టేశాం. మధ్యాహ్నానికి గేట్లు తెరుచుకున్నాయి. అప్పటిదాకా బావ నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాడట, చేతులు తడిసి, పెన్ను పారక.

జూన్ 14

శనివారం కూడా రమ్మన్నాడు ప్రతాపన్న. ముగ్గురమే. పాత ఫైలు తెరిచి ఆ రాత చూపించాను.

"చూడుండ్రి. తీస్తే పడదు అని రాసున్నది. అందుకే తీసిన."

సింధు గారు కళ్ళజోడు పైకి తోసుకుని వంగారు. ఒక్కసారిగా — "పడదు కాదండీ బాబూ! పడద్ది! నేనే రాశాను అది! తీస్తే పడద్ది!"

"పడద్దా?"

"అంటే పడిపోద్ది అని!"

"చివర్ల ఒకటే డీ ఉన్నది మేడం."

"కంగార్లో ఒకటి పోయిందండి. పోతే మటుకు… పడద్ది అని తెలియట్లేదా?"

"మా దిక్కు పడ్తది అంటం. పడద్ది అని ఎవలంటరు?"

"మా భీమవరంలో అందరూ అంటారండీ!"

ప్రతాపన్న మెల్లగా — "పడతాది అని రాసింటే ఈ కథే ఉండేది కాదు గదా."

ముగ్గురం నవ్వాం. కడుపు పట్టుకుని. సింధు గారికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంగ్లీషులో ఎందుకు రాయలేదంటే — "క్లయింటు వాళ్ళు చదివి ఇదేంటి అదేంటి అని అడుగుతారండి. తెలుగైతే మనలో మనకే కదా అని." మనలో మనకే! దానికి ఇంకాసేపు నవ్వాం.

మొదట ఆపింది ప్రతాపన్న.

"సోమవారం మొత్తం వెనక్కి తిప్పేద్దాం. కామన్ ఎట్లుండేదో అట్ల."

"ఆ ఒక్క లైను పెట్టినం గదన్నా. మిగిలినయి మంచిగున్నయి."

"మంచిగుండాయని నువ్వంటావు. ఇంగా ఎన్ని పడదులు ఉండాయో."

ఉండచ్చు. ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

జూన్ 15

బావకి చెప్పాను. అక్క లేనప్పుడు, మేడ మీద బట్టలు తీస్తూ.

"నీ వల్లనా? నేను గంతమందితోని తిట్లు పడ్డది నీ వల్లనా?"

చేతిలో ఉన్న తడి తువ్వాలుతో వీపు మీద ఒకటి. గట్టిగానే. ఇంకోటి కొట్టబోయి ఆగాడు.

"నిన్న సూపర్‌వైజరు నన్ను మెయిన్ గేటు నుంచి తీసి వెనక గేటుకేసిండు. చెత్తబండ్లు వచ్చే గేటు. ఆమె పేరు రాసిచ్చిందట. ఎరికేనా నీకు?"

ఎరుక లేదు. పడద్ది, పడదు సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గా రాత యాడున్నది?"

"కామన్‌ల."

"అదేంది?"

"అందరిది. అన్ని మాడ్యూళ్ళు చూసే చోటు."

"గేటోళ్ళకు కావాల్సింది గేటు కాడ రాయాలె గాని, నలుగురు నడిచే తొవ్వల రాస్తే ఎవడు చదువుతడు? మా దాంట్ల గట్లనే. మెట్ల కింద బోర్డు మీద రాస్తరు రూల్సన్నీ. ఎవనికి చెప్తున్నరో వానికే తెల్వది."

తువ్వాలు మడిచాడు. "నువ్వు జేసిందే కరెక్టుంటే మళ్ళ వాపసు ఎందుకు తీస్కుంటరు మరి?"

బట్టలు తీస్తున్నాను. లోపల ఏదో నిటారుగా నిలబడింది.

జూన్ 16

వెనక్కి తిప్పే మార్పు సిద్ధం చేసి నా ముందు పెట్టాడు ప్రతాపన్న. ఒక్క బటన్.

"నువ్వే నొక్కు. మెయిల్లో నా పొరపాటు అని రెండు లైన్లు రాయి. ఇంగో ఆర్నెల్లు టెస్టింగులో ఉంటావు. నేను రాస్తా."

"నొక్కకపోతే?"

"ఏమప్పా, బెదిరిస్తాండానా నేను? నీ మంచికే చెప్తాండా."

నిజంగానే నా మంచికే చెప్తున్నాడు. అదే కష్టం. తిట్టినవాడికి ఎదురు తిరగడం తేలిక.

"రెండు వారాలియ్యన్నా. మిగిలిన పడదులన్నీ నేనే వెతుకుత."

"నెలాఖరు. అంతే."

జూన్ 17

నొక్కలేదు.

జూన్ 19

అరవనివాటిని ఎలా పట్టుకోవాలి — పాత ఫోన్లో తెరిచే. పాత ఫోను ఆఫీసులో లేదు. అడిగితే "రిక్వెస్ట్ పెట్టు" అన్నారు. పెట్టాను. జవాబు రాదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

నేను పని చేసిన షాపుకి పోయాను, మియాపూర్. డ్రాయర్‌లో ఎవరూ తీసుకుపోని ఫోన్లు — పగిలినవి, ఉబ్బినవి. మూడు ఏరుకున్నాను. అందులో ఒకటి బావ గేటు ఫోన్ మోడలే. బ్యాటరీ మార్చి, స్క్రీన్ అంటించి — ఆన్. చేతులు ఏమీ మరచిపోలేదు.

జూన్ 21

కోకాపేట వెనక గేటు. బావ డ్యూటీ ఫోన్ మీద టెస్టింగు వెర్షన్ ఎక్కించి, ఇద్దరం గంటసేపు ఒకరి ఫొటో ఒకరం తీసుకున్నాం.

"పేరు?" 

"నరేష్." 

"ఎవలింటికి?" 

"బావ దగ్గరికి." 

"బావకు ఇష్టం లేదు. వాపసు పో." 

చెత్తబండి డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు, వీళ్ళకేమైంది అని.

ఇంకొకటి దొరికింది. పాత ఫోన్లలో తేదీ తెలుగులో చూపించేది — బిల్లులవాళ్ళ తేదీలది కాదు, వేరేది. దాన్ని కూడా చచ్చినవాటిలో కలిపి తీసేశాను. అంటే ప్రతాపన్న చెప్పింది నిజమే. ఇంకా పడదులు ఉన్నాయి. ఒకటి ఉంది.

రాస్తున్నాను కదా ఇక్కడ — ఉంది. దొరికింది కూడా. కామన్‌లోనే ఉండి ఉంటే ఎప్పటికీ దొరికేది కాదు.

జూన్ 23

నన్ను పెట్టిన ఏజెన్సీ నుంచి అమ్మాయి ఫోను. "ప్రతాప్ గారి నుంచి ఇంకా ఏమీ రాలేదండి. మీ డీటెయిల్స్ ఒకసారి అప్‌డేట్ చేసి పంపుతారా?" ఫారం. పేరు, ఊరు, అనుభవం, హయ్యెస్ట్ క్వాలిఫికేషన్.

టెన్త్.

నేను ఇంటర్‌లో చేరిన బాచుపల్లి కాలేజీ గోడ పక్క నుంచే రోజూ బండి పోతుంది. లెక్చరర్ బోర్డు మీద ఒక సూత్రం రాశాడు. ఎందుకు సార్ అట్ల అని అడిగాను. "అడగకు, రాస్కో" అన్నాడు. మర్నాడు ఇంకోటి అడిగాను. మూడోసారి బయట నిలబెట్టాడు. నిలబడీ నిలబడీ… నడిచి గేటు దాటాను. బావకి తెలిసిన కథ ఏమిటంటే హాస్టల్ తిండి బాగాలేదని వచ్చేశానని. అదే చెప్పాను అప్పుడు. అది చెప్పడం తేలిక.

ఫారంలో టెన్త్ అనే రాశాను. కింద 'ఇతర వివరాలు' అని గడి ఉంది. ఖాళీగానే పంపాను. వివరాలు కోడ్‌లో ఉన్నాయి.

జూన్ 24

మార్పు పెట్టాను. వెనక్కి తిప్పడం కాదు — ముందుకి. పాత ఫోన్ల లైబ్రరీ గేటు మాడ్యూల్ సొంత లిస్టులో. తెలుగు తేదీలది గేటు లిస్టులో, నోటీసుల లిస్టులో. వాటి పక్కన ఒక పూర్తి వాక్యం: ఏ ఫోన్లకి, ఎందుకు, తీస్తే ఏమవుతుంది. ఏ ఊరివాళ్ళు చదివినా ఒకటే అర్థం వచ్చేటట్టు. కామన్‌లో ఇక రెండూ లేవు.

జూన్ 25

ప్రతాపన్న అడిగిన మెయిల్ పంపాను. ఇంగ్లీషులో, నాకొచ్చినంత. సింధు గారు చూసి పెడతానన్నారు. వద్దన్నాను.

పదమూడో తేదీన గేట్లు ఆగింది నేను ఒక లైను తప్పుగా చదవడం వల్ల. అది నా తప్పు. పాత ఫోన్ల మీద చూడకపోవడం — అదీ నాదే. కానీ కామన్ ఖాళీ చేయడం తప్పు కాదు. అందుకు నేను సారీ చెప్పను.

చివరి వాక్యం మూడుసార్లు తీసి, మూడుసార్లు పెట్టాను. ఉంచాను.

జూన్ 26

సింధు గారు ఓకే నొక్కారు. మార్పు లోపలికి పోవాలంటే ఇద్దరు నొక్కాలి. ఇంకొకరు ప్రతాపన్న.

"మెయిల్లో ఒక చోట 'ద'… అదే, the… పోయిందండి నరేష్ గారూ."

"మీకు డీ పోతే నాకు ద పోవద్దా మేడం?"

నవ్వారు గానీ, కుర్చీ తిప్పకుండా ఇటే చూస్తూ ఉన్నారు. "గేటు మాడ్యూల్ నాది. నా లిస్టులో ఏముందో నాకే తెలీలేదు. అరవై లైన్లు మారితే చదవకుండా ఓకే నొక్కేశాను. ఆ మాట నేనూ మెయిల్లో రాయాలి కదా… రాయలేకపోయానండి."

రాసి ఉంటే బాగుండేది.

జూన్ 27

ప్రతాపన్న టీకి పిలిచాడు. బయట, బస్సులు ఆగే వైపు. వాన వెలిసింది. ఆయన టీ చల్లారిపోయింది, తాగలేదు.

"కామన్ రాసింది ఎవురో తెలుసునా?"

"తెల్వదన్నా."

"నేనే. ముగ్గురమే ఉండేది అప్పుడు. మాడ్యూళ్ళు లేవు, టీములు లేవు. నెల రోజులల్లో యాప్ కావల్లన్నారు. ఎవురికేం కావల్లన్నా ఒకే తావ పెట్టుకుంటిమి. ఎవురు ఏం తెచ్చిండేదీ నోటికి వచ్చేది నాకు." కప్పు అటూ ఇటూ తిప్పి — "ఆ ముగ్గురిలో నేనొక్కణ్ణే మిగిలినా."

నాకు తెలియదు ఇది. ఆ అరవై మూడిట్లో ఒప్పుకున్నవాళ్ళు లేని ముప్పై ఏడు… వెళ్ళిపోయినవాళ్ళవి. వాటిల్లో అరవనివాటిని చచ్చినవి అని రాశాను పైన. కొట్టేయాలా? కొట్టేయను. అప్పుడు నాకు తెలిసింది అదే.

"మంచిగనే పెట్టినవన్నా అప్పుడు. ముగ్గురికి సరిపోయింది. ఇప్పుడు నలభై మందిమి."

"బటన్ నొక్కవా?"

"నొక్కనన్నా."

కప్పు పారేసి లోపలికి పోయాడు. కోపంగా కాదు. అలిసినట్టు.

జూన్ 28

శనివారం. అక్కకి చెప్పాను, సోమవారంతో అయిపోవచ్చని. అక్క బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "షాపున్నదిగా." ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నది. నాకెందుకో మండింది. షాపుంది. పోతాను కావాలంటే. పంపిస్తే పోవడం వేరు.

బావ మాత్రం — "వెనక గేటు ఖాళీ ఉన్నది. చెత్తబండ్లు లెక్కబెట్టాలె. వస్తవా?"

జూన్ 30

ఏజెన్సీకి ఇంకా ఏ కబురూ లేదట. పొద్దున అడిగాను, మధ్యాహ్నం అడిగాను. కాంట్రాక్టు ఈరోజు వరకే.

వెనక్కి తిప్పే బటన్ అలాగే ఉంది. నా మార్పూ అలాగే ఉంది, ఒక ఓకేతో. రెండిట్లో ఏదీ కదలట్లేదు. ప్రతాపన్న సీటు నుంచి నా సీటుకి పన్నెండు అడుగులు ఉంటుంది. పొద్దుటి నుంచి ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూడలేదు.

మూడున్నరకి నా మార్పు మీద ఆయన ప్రశ్న వచ్చింది. మొదటిది. తిట్టు కాదు, వద్దని కాదు. వెర్షన్ నంబర్ల పేజీ దగ్గర గుర్తు పెట్టి, ఒక లైను — ఈ పేజీ ఇకమీద ఎవరు చూసుకుంటారు?

చదివాను. మళ్ళీ చదివాను. ఈసారి అక్షరం అక్షరం.

నిజమైన ప్రశ్నే. ఎవరో ఒకరు చూసుకోకపోతే ఇది కూడా రెండేళ్ళలో ఇంకో కామన్ అవుతుంది. రేపు నేనెక్కడుంటానో ఆయనకి తెలుసు. నాకు తెలియదు. సింధు గారి పేరు రాయచ్చు, ఆవిడ కాదనరు. 'టీం' అని రాయచ్చు. టీం అంటే ఎవరూ కాదు.

పెట్టెలో కర్సర్ కొట్టుకుంటోంది. ఏజెన్సీ అమ్మాయి ఫోను మోగింది, ఎత్తలేదు.

'నేను' అని రాశాను. పంపాను.

ఆయన తల ఎత్తాడు, అక్కడి నుంచే. నేనూ దించలేదు. అయిదూ పది ఇప్పుడు. ఆయన ఇంకా ఏమీ నొక్కలేదు.